ఒకే పాట – వేరువేరు చెవులు

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 32:15–18, 1 సమూయేలు 1:9–18, యోహాను 12:27–30



ఈ నెల పాఠమును నా తప్పుతోనే మొదలుపెట్టవలసియున్నది. పోయిన క్రిస్మసునకు పది దినములు ముందు మా గుడికి నక్షత్రము కట్టుచుంటిమి. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు సెలవు మీద వచ్చిన మా సంఘ యువకుడొకడు నిచ్చెన ఎక్కి దీపాల తీగలు తగిలించుచుండెను. అతని సెల్‌ఫోను క్రింద మెట్టు మీద ఉండెను. అందులో ఏదో పరదేశపు రేడియో మ్రోగుచుండెను. ఇంగ్లీషు పాట. ఇంగ్లీషు పాటలు నా చెవికి అంతగా పట్టవు. కాని ఒక మాట మాత్రము స్పష్టముగా వినబడినది, ‘రెలిజియన్’ అని. దాని ముందున్న మాటకు పోగొట్టుకొనుట అని అర్థమని కూడ నాకు తెలియును. నాకు అంతే చాలెను.

“గుడి మీద నిలబడి మతం పోయిందని పాడే పాట వింటున్నావా? దిగు ముందు!” అని పదిమంది ఎదుట గద్దించితిని.

అతడు దిగెను. ఫోను ఆపెను. ఒక్క మాటయైనను బదులు చెప్పక ఇంటికి వెళ్లిపోయెను. ఆ యేడు కేరల్స్‌కు రాలేదు. మా గుంపులో డోలకు వాయించువాడు అతడే గనుక డోలకు లేకుండనే ఊరంతయు తిరిగితిమి. ప్రతి వాకిట ఎవరో ఒకరు “డోలక్ అబ్బాయి ఏడండీ?” అని అడుగుచునే యుండిరి.

మా సంఘములో ఉన్నత పాఠశాలయందు ఇంగ్లీషు బోధించి విశ్రాంతి తీసికొనిన మాస్టారు ఒకరున్నారు. ఆ రాత్రి ఆయన నన్ను ప్రక్కకు పిలిచి, “అయ్యగారూ, ఆ పాట మతం గురించి కాదండి” అని నెమ్మదిగా చెప్పిరి. నేను నమ్మలేదు. ఆయన వాదింపక, “పోనీ, ఒకసారి కనుక్కోండి” అని మాత్రము అనిరి. ఆయన వలన వినినదియు, తరువాత నేను చదివి తెలిసికొనినదియు మీ యెదుట పెట్టుచున్నాను.

ఆ పాట పేరు ‘లూజింగ్ మై రెలిజియన్’. దానిని పాడినది ఆర్.ఇ.ఎమ్. అను అమెరికా బృందము. మైకేల్ స్టైప్ పాడువాడు. పీటర్ బక్, మైక్ మిల్స్, బిల్ బెర్రీ అనువారు వాయించువారు. ఈ నలుగురు కూడినది ఏథెన్సు పట్టణములో. పౌలు ప్రసంగించిన గ్రీసు దేశపు ఏథెన్సు కాదు. అమెరికా దక్షిణ భాగమున జార్జియా రాష్ట్రములోని ఏథెన్సు. అయినను పౌలు ఏథెన్సును ఇక్కడ తలంచుకొనుట తప్పు కాదు. అక్కడ ఒకే ప్రసంగమును విని కొందరు అపహాస్యము చేసిరి, కొందరు మరొకమారు వినెదమనిరి, కొందరు నమ్మిరి (అపొ. కార్య. 17:32–34). ప్రసంగించినవాడు ఒక్కడే, పలికిన మాటలు ఒక్కటే.

మీకు వింతగా తోచు సంగతి యొకటి గలదు. ఈ బృందము మొదటిసారి జనుల యెదుట పాడినది ఒక పాత గుడిలోనే. ఏథెన్సులో సెయింట్ మేరీస్ అను ఎపిస్కోపల్ గుడి ఆరాధనలు మానిన తరువాత నివాసగృహముగా మారినది. బక్, స్టైప్ అందులోనే కాపురముండిరి. 1980 ఏప్రిల్ 5న స్నేహితురాలి పుట్టినదిన విందులో అక్కడనే పాడిరి. క్యాలెండరు తిప్పి చూడగా అది ఈస్టరునకు ముందటి శనివారమని తెలిసినది. 1990లో ఆ గుడిని పడగొట్టిరి; గోపురము మాత్రము నిలిచినది.

వారి సంగీతమునకు ఇండీ రాక్ అని పేరు. ఇండిపెండెంట్, అనగా స్వతంత్రము అను మాటను కుదించి ఇండీ అనుచున్నారు. పెద్ద కంపెనీల మీద ఆధారపడక చిన్న కంపెనీల ద్వారా రికార్డులు చేసికొను బృందములకు ఈ పేరు వచ్చినది. ఆర్.ఇ.ఎమ్. వారి మొదటి రికార్డు ‘రేడియో ఫ్రీ యూరప్’ 1981లో హిబ్‌టోన్ అను చిన్న కంపెనీ నుండి వెలువడినది. అట్టి పాటలను పెద్ద రేడియోలు అంతగా వేసెడివి కావు. కళాశాలలలో విద్యార్థులు నడుపుకొను రేడియోలే వాటిని జనులకు వినిపించెను. 1988లో వారు వార్నర్ బ్రదర్స్ అను పెద్ద కంపెనీతో ఒడంబడిక చేసికొనిరి గనుక ఆ తరువాత వారిని ఇండీ అనవచ్చునా అని వాదించువారు కలరు. ఆ వాదన మనకక్కరలేదు.

మొదటి దినములలో స్టైప్ ఏమి పాడుచున్నాడో వినువారికి తెలిసెడిది కాదు. మాటలను నోటిలోనే గొణిగెడివాడు. 1983లో వచ్చిన వారి మొదటి పెద్ద రికార్డు పేరే ‘మర్మర్’, అనగా గొణుగుడు. ఒకరికి ఒక మాటగా, మరియొకరికి వేరొక మాటగా వినబడెడిది. అటువంటివాడు 1991 నాటికి మాటలు విస్పష్టముగా పలుకసాగెను. అంత స్పష్టముగా పలికిన మాటయే లక్షలమందికి తప్పుగా అర్థమైనది! నేనును ఆ లక్షలలో ఒకడను.

ఆ పాట పుట్టినది మాండలిన్ మీద. మన పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ గారు కర్ణాటక సంగీత కచేరీలలో వాయించి పేరుపొందిన వాద్యము గనుక మీకు దాని పేరు క్రొత్త కాదు. పీటర్ బక్ అప్పుడే ఒక మాండలిన్ కొని, టెలివిజను చూచుచు నేర్చుకొనుచు, వచ్చినది వచ్చినట్లు టేపు మీద పట్టెను. మరునాడు ఆ టేపు వినగా అందులో ఈ పాట వరుస దొరికినది. పాటకు పల్లవి లేదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడుకొనువారు పల్లవి లేని కీర్తనను ఊహించుకొనుడి; సభ యెక్కడ అందుకొనవలెనో తెలియదు. కంపెనీ పెద్దలకును ఇదే చింత కలిగెను. మాండలిన్ ముందు నడుచు, పల్లవి లేని పాటను మొదటి పాటగా రేడియోలకు పంపుటా అని చాల కాలము తర్జనభర్జన పడిన తరువాతనే వారు ఒప్పుకొనిరి. 1991 ఫిబ్రవరిలో పాట వెలువడినది. అమెరికాలో బిల్‌బోర్డ్ పట్టికయందు నాలుగవ స్థానము వరకు వెళ్లినది. 1992లో దానికి రెండు గ్రామీ బహుమానములు వచ్చెను. పాటలు వినుటయే వృత్తిగా గలవారి చెవులు కూడ ఇట్లు సందేహించినవని తెలిసినప్పుడు నాకు కొంచెము ఊరట కలిగినదని ఒప్పుకొనవలెను.

ఇక అర్థము సంగతి. అమెరికా దక్షిణ రాష్ట్రములు బాప్టిస్టు, మెథడిస్టు సంఘములు విస్తారముగా నున్న ప్రాంతము. అక్కడి జనుల వాడుకలో ‘మతము పోగొట్టుకొనుట’ అనగా ఓర్పు నశించుట, సహనము హద్దు దాటుట, ఇక తాళలేని స్థితికి వచ్చుట. భక్తిగల మనుష్యుడు సైతము భక్తి మరచిపోవునంతగా విసిగిపోయెనని దాని భావము. మనము “తల ప్రాణం తోకకొచ్చింది” అందుము గదా. ఆ మాటను పరదేశి యొకడు నిఘంటువు పట్టుకొని చదివినయెడల తెలుగువారికి తోకలున్నవని వ్రాసికొనిపోవును. నేను గుడి మెట్టు మీద చేసినది సరిగా ఆ పనియే.

పాట వ్రాసిన స్టైప్ దీనిని గూర్చి పలుమార్లు చెప్పియున్నాడు. ఇది ఒకరిని ప్రేమించి, ఆ ప్రేమకు ప్రతిఫలము దొరకనివాని పాట. ఎదుటివారికి మనస్సు తెలియజేసితినో లేదో, హద్దు మీరితినో యని అతడు తల్లడిల్లుచుండును. తాను వినినదియు చూచినదియు నిజమో, తన భ్రమయో కూడ అతనికి తెలియదు. రేడియోలో ఈ పాటను తప్పుగా వినిన మనము, అందులో పాడుచున్నవాడు – ఇరువురమును ఒకే సందేహములో ఉన్నామన్నమాట.

అయితే వినినవారు ఏమేమి వినిరి? కొందరు మతమును దూషించు పాట అని చెవులు మూసికొనిరి. మతమును విడిచినవారిలో కొందరు ఇది మా పాటయే అని సంతోషించిరి. దక్షిణ ప్రాంతపు పలుకుబడి యెరిగినవారికి అందులో మతము వినబడనే లేదు. వేసారిన మనుష్యుని నిట్టూర్పు వినబడెను. అర్థము విచారింపక మాండలిన్ కొరకే వినినవారును ఉన్నారు. 2010లో అమెరికా టెలివిజనులో ‘గ్లీ’ అను ధారావాహికయందు, దేవుని యందలి నమ్మకము పోయిన విద్యార్థి పాత్రచేత ఈ పాటనే పాడించిరి. పాట పుట్టి 19 ఏండ్లైనను, దాని కర్త ఎన్నిమార్లు చెప్పినను, మొదటి అపార్థము అట్లే నిలిచియున్నది.

సీనాయి కొండ దిగుచున్నప్పుడు యెహోషువ దండులోని కేకలు విని అది యుద్ధధ్వని అనుకొనెను. అది పాడుచున్నవారి ధ్వని అని మోషే చెప్పెను. యెహోషువ అబద్ధికుడు కాడు, చెవిటివాడును కాడు. అతడు యోధుడు; అమాలేకీయులతో పోరాడినవాడు. యోధుని చెవికి ప్రతి కేకయు యుద్ధమే. యోహాను 12వ అధ్యాయములో ఆకాశము నుండి శబ్దము వచ్చినప్పుడు అక్కడ నిలిచినవారిలో కొందరు ఉరుమనుకొనిరి, కొందరు దేవదూత మాటలాడెననిరి. చెవిలో పడినది ఒక్కటే. లోపల ఇదివరకే ఏమున్నదో అది వచ్చి దానికి పేరు పెట్టుచున్నది.

నన్ను ఎక్కువగా నిలబెట్టినది ఏలీ కథ. హన్నా మందిరములో ప్రార్థించుచుండెను. పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. ద్వారము నొద్ద కూర్చున్న ఏలీ ఆమె త్రాగియున్నదని యెంచి గద్దించెను. పెద్దవాడు, యాజకుడు, ఎన్నో ప్రార్థనలు వినినవాడు ఇట్లేల అనుకొనెను? తరువాతి అధ్యాయము చదివినయెడల కారణము కొంత కనబడును. అతని సొంత కుమారులే ఆ గుడారము నొద్ద చేయరాని పనులు చేయుచుండిరి (1 సమూ. 2:22). అక్కడ అక్రమమును చూచి చూచి అలవాటైన కన్నులకు ప్రార్థించు స్త్రీ కూడ త్రాగినదానివలె కనబడినది. పోయిన సంవత్సరము మా సంఘములోని యువకులు నలుగురు పట్టణమునకు పోయి ఆరాధనకు వెళ్లుట మానిరి. ఇద్దరి తల్లులు నా యొద్దకు వచ్చి ఏడ్చిరి. ఆ భయము నా చెవిలో ముందుగానే కూర్చుండి యున్నది. నిచ్చెన మీది యువకుని పాటను వినినది నేను కాను, నా భయము.

అయితే ఏలీ యందు ఒక మంచి గలదు. హన్నా తన మనోదుఃఖమును తెలుపగానే అతడు వాదింపలేదు. “అయినను మందిరములో అట్లు ప్రార్థింపవచ్చునా” అని తన గౌరవమును కాపాడుకొనలేదు. వెంటనే సమాధానముగా పొమ్మని దీవించెను. గద్దింపునకును దీవెనకును నడుమ రెండు మూడు వచనములే. నాకు పండ్రెండు దినములు పట్టెను.

ఇక్కడ ఒక ప్రశ్న రావచ్చును. మాస్టారితో నేనును ఇదే వాదించితిని. మతము వినబడినదన్నవారందరు తెలివిలేనివారా? కారు. ఈ పాటకు తీసిన చిత్రమును చూడుడి. దానిని తీసినవాడు మన దేశస్థుడే, పంజాబులోని జలంధరులో జన్మించిన తర్సేమ్ సింగ్. 1991లో ఎమ్.టీ.వీ. వారు ఏటేట ఇచ్చు బహుమానములలో ఈ చిత్రమునకు ఆరు దక్కెను. అందులో రెక్కలుగల వృద్ధుడున్నాడు. బాణములు నాటిన సెబాస్టియను అను హతసాక్షి ఉన్నాడు. హిందూ దేవతల రూపములున్నవి. ప్రభువు గాయములో వ్రేలు పెట్టు తోమా కూడ ఉన్నాడు. మతము గూర్చి కాదన్న పాటకు చుట్టును మతచిత్రములే కట్టినప్పుడు, చూచినవాడు మతమే అనుకొనిన ఆశ్చర్యమేమి? పాట కర్త నోటి నుండి వెడలిన తరువాత వినువాని యింటిలో కాపురముండును. నిజముగా విశ్వాసము సడలిన మనుష్యుడు దానిని విని తన దుఃఖమునే వినినయెడల, “నీవు పదము తప్పుగా అర్థము చేసికొంటివి” అని అతనికి నిఘంటువు చూపుట వలన ప్రయోజనమేమి?

ఇంతవరకు ఆలోచించిన పిమ్మట నా తప్పు మరింత పెద్దదై కనబడినది. నేను వినినది సరియే అనుకొందము. ఆ యువకుడు నిజముగానే విశ్వాసము పోగొట్టుకొని ఆ పాట వినుచుండెను అనుకొందము. అప్పుడైనను నిచ్చెన క్రింద నిలిచి కేక వేయుట తగునా? తోమా నమ్మననెను. ప్రభువు ఎనిమిది దినముల తరువాత వచ్చి అతనికి తన చేతులు చూపెను. పదిమందిలో సిగ్గుపరచలేదు; ఆ పదిమంది నడుమనే దగ్గరకు పిలిచెను. విశ్వాసము పోయినవాడు దీపాల తీగ పట్టుకొని గుడి నిచ్చెన ఎక్కియుండెనేని, అది నేను కేక వేయవలసిన సంగతియా, సంతోషింపవలసిన సంగతియా? వినకముందే ఉత్తరమిచ్చుట మూఢత్వమును సిగ్గును అని సామెతలు 18:13 చెప్పుచున్నది. దానిమీద నేను రెండుమార్లు ప్రసంగించియున్నాను.

క్రిస్మసు గడిచిన రెండవ దినమున అతని ఇంటికి వెళ్లితిని. అతడు అరుగు మీద కూర్చుండెను. వాళ్ల నాయనమ్మ చేటతో బియ్యము చెరుగుచుండెను. నన్ను చూచి అతడు లేచి నిలిచెను. మర్యాద తప్పలేదు, కన్నులెత్తి మాత్రము చూడలేదు.

“బాబూ, ఆ రోజు నేను పాట వినకుండానే నిన్ను తిట్టాను. తప్పు నాది. ఇప్పుడు విందామని వచ్చాను, పెడతావా?” అంటిని.

చాలసేపు అతడు మాటలాడలేదు. తరువాత, “అది మతం పాట కాదండీ అయ్యగారూ. ఒక మనిషితో అనకూడని మాట అన్నానేమో, అనాల్సింది అనలేదేమో అని నాలుగు నెలల నుంచి నిద్ర లేదండీ. ఆ పాటొక్కటే నాకు తోడు” అనెను. ఆ మనిషి ఎవరో అతడు చెప్పలేదు, నేను అడుగలేదు.

ఫోను అరుగు మీద పెట్టి పాట వేసెను. నాలుగున్నర నిమిషములు. నాకు మాటలు సగమైనను తెలియలేదు. మాండలిన్ తీగ మాత్రము వడివడిగా నడుచుచునే యుండెను. ‘రెలిజియన్’ అను మాట వచ్చినప్పుడు అతడు నా ముఖము వంక చూచెను. నేను తల వంచుకొంటిని.

పాట ముగియుసరికి నాయనమ్మ చేట ఒడిలో పెట్టుకొని యుండెను. ఆమెకు ఇంగ్లీషు కాదు, తెలుగు అక్షరములును రావు.

“ఎవర్రా ఆ పిల్లోడు? ఎవరి కోసమో చూసీ చూసీ ఉన్నట్టున్నాడు పాపం. వచ్చారా వాళ్లు?” అని అడిగెను.

“రాలేదు నాయనమ్మా” అనెను అతడు.

“ఇంకోసారి పెట్టు” అని ఆమె చేట ప్రక్కన పెట్టెను.